ఆటగాళ్ల రెండు కాళ్లనీ విడివిడిగా కొలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీల మధ్య పోటీలు మొదలయ్యాయంటే పేపరు రాగానే నేను ముందు తిప్పేది క్రీడల పేజీయే. ఎవరు గెలిచారు, ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారు, బెస్ట్ రైడర్ ఎవరు, అన్నీ వేస్తారు, సంతోషం. కానీ ఆ వార్తల చివర్లో అప్పుడప్పుడూ ఒక ముక్క కనిపిస్తుంది, మోకాలి గాయంతో ఫలానా అమ్మాయి ఆట మధ్యలోనే వైదొలిగింది అని. పేపర్లో అది ఒక్క లైను. ఆ అమ్మాయి ఇంట్లో మాత్రం ఎమ్మారై స్కాన్ దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా, ఆ తర్వాత నెలల తరబడి సాగే ఎక్సర్‌సైజుల దాకా, మధ్యలో దెబ్బతిన్న చదువూ, స్పోర్ట్స్ కోటా మీద పెట్టుకున్న ఆశా, అన్నీ కలిపి ఏడాది పైమాటే. అన్నాళ్లూ ఆ తల్లిదండ్రులు అడిగేది ఒకటే, "సార్, మళ్లీ ఆడుతుందా?" అని. దానికి సరైన జవాబు చెప్పాలంటే నా దగ్గర రెండు అంకెలు ఉండాలి. గాయం కాకముందు ఆ పిల్ల ఎడమ కాలి మీద ఎంత దూరం గెంతేది, కుడి కాలి మీద ఎంత గెంతేది? మన కాలేజీల్లో ఈ అంకెలు రాసి పెట్టుకున్నవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను విశాఖలోనే ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో జట్లు చూస్తాను. నేను అడిగేది పెద్ద ఖర్చుతో పనిలేనిది. సీజన్ మొదలవకముందే ప్రతి ఆటగాడి చేతా, ప్రతి ఆటగత్తె చేతా ఒక్కో కాలి మీద విడిగా గెంతించి, టేపుతో కొలిచి, ఒక కాగితం మీద రాసి పెట్టండి. అంతే.

ఈ పనిని గట్టిగా పట్టించుకుంటున్నవాళ్లలో అమెరికా కాలేజీలు ఉన్నాయి, అందులోనూ వాళ్ల ఫుట్‌బాల్ జట్లు. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు వేసుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఒకరినొకరు ఢీకొడుతూ ఆడతారు, మైదానంలో జట్టుకి 11 మంది. ముందు వరసలో ఉండే లైన్‌మన్ 130, 140 కిలోలు కూడా ఉంటాడు, బంతి అందుకోవడానికి పరిగెత్తే రిసీవర్ చాలాసార్లు 90 కిలోలు దాటడు. కాలేజీ ఆట ముగిసి ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లోకి వెళ్లబోయేవాళ్లలో మంచివాళ్లని ఏరి, ఏటా ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని పరీక్షలు పెడతారు. 40 గజాల పరుగుతో పాటు నిలబడిన చోటి నుంచి పైకి ఎగరడం, ముందుకి దూకడం అందులో ఉంటాయి. 2015లో బైరన్ జోన్స్ అనే కుర్రాడు నిలబడిన చోటి నుంచే 12 అడుగుల 3 అంగుళాలు దూకాడు, అంటే 373 సెంటీమీటర్లు. పరిగెత్తుకుంటూ వచ్చి దూకినా అంత దూరం పడటానికి ఎంత కష్టపడాలో సాయంత్రం పూట మన గ్రౌండ్లలో కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం లాంగ్ జంప్ ప్రాక్టీసు చేసే కుర్రాళ్లని అడగండి, చెబుతారు.

అయితే ఎంత ఎగిరాడన్నది పాత లెక్క. నిలబడిన చోట ఎగిరించి మనిషి సత్తువ కొలవొచ్చని డడ్లీ సార్జెంట్ రాసింది 1921లో, ఇప్పటికీ మేం సార్జెంట్ జంప్ అనే అంటాం. ఇప్పుడు ఆ కాలేజీల్లో చాలాచోట్ల ఇంకో అడుగు ముందుకేసి ఫోర్స్ ప్లేట్లు వాడుతున్నారు. ఒక్కో పాదం కింద ఒక పలక ఉంటుంది, అది సెకనుకి 1000 సార్లు దాకా బరువు నమోదు చేస్తుంది. కుర్రాడు నడుం మీద చేతులు పెట్టుకుని, కొంచెం కిందికి వంగి పైకి ఎగురుతాడు. నేలని ఏ కాలు ఎంత నెట్టింది, కిందికి దిగేటప్పుడు ఏ కాలు ఎంత బరువు కాసింది, రెండూ విడివిడిగా తెలిసిపోతాయి. ఎత్తు ఒక్కటే చూస్తే ఇది తెలియదు. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు లాగుతుంటే రెండోది ఊరికే కాడి మోస్తున్నా బండి నడుస్తూనే ఉంటుంది కదా, గట్టు మీద నిలబడి చూసేవాడికి తేడా కనపడదు.

అక్కడి లెక్కల్లో మనం నేర్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. లైన్‌మన్‌కీ రిసీవర్‌కీ ఎత్తు పోల్చి, లైన్‌మన్ తక్కువ ఎగిరాడు కాబట్టి కాళ్లలో బలం లేదు అంటే తప్పు. అంత ఒళ్లుని నేల మీద నుంచి లేపడానికి అతని కాళ్లు పుట్టించే పవర్ చాలాసార్లు రిసీవర్ కంటే ఎక్కువే ఉంటుంది. పైగా లైన్‌మన్ ఒక చెయ్యి నేలకి ఆనించి, చాలావరకు ఒకే కాలు వెనక్కి పెట్టి, అదే కాలితో నేలని తన్ని లేస్తాడు, సీజన్‌లో కొన్ని వేల సార్లు. బంతి తన్నే కిక్కర్‌కి ఒక కాలు తన్నడానికి, రెండోది ఆనడానికి. ఎవరి పనిని బట్టి వాళ్ల కాళ్లు తయారవుతాయి. మన కబడ్డీలోనూ అంతే. మూలన నిలబడి చీలమండ పట్టే కార్నర్ డిఫెండర్‌నీ, కూత పెట్టి బోనస్ లైన్ దగ్గర కాలు జాపే రైడర్‌నీ ఒకే అంకెతో తూచకూడదు.

కాబట్టి రెండు కాళ్ల మధ్య తేడా ఉందంటే రోగం ఉన్నట్టు కాదు, ఈ మాట తల్లిదండ్రులు కూడా గుర్తు పెట్టుకోవాలి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజినే చూడండి, 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది, పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో 10 హర్డిల్స్ ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడే అంగలు, అందుకని ప్రతి హర్డిల్‌కీ నేలని తన్నేది అదే కాలు, ముందు దాటేది అదే కాలు. అలాంటి ఆటలో రెండు కాళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలని ఎవరూ అడగరు. ఆరోగ్యంగా ఉన్న ఆటగాళ్లలో కూడా 5 శాతం, 10 శాతం తేడా మామూలే. 10 నుంచి 15 శాతం దాటితే ఒకసారి ఆగి చూడమని ఈ రంగంలో వాళ్లు సాధారణంగా చెబుతారు, అయితే అది రాతి మీద గీత కాదు. తేడా ఉన్నవాళ్లందరికీ గాయాలవుతాయని పరిశోధనలు తేల్చలేదు, కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. గెంతులో కుడి కాలు ముందుంటే బరువులెత్తడంలో ఎడమ కాలు ముందుండొచ్చు కూడా. అందుకే ఒక్క పరీక్ష పెట్టి ఒక పిల్లవాడి మీద తీర్పు చెప్పేయకూడదు.

మరి ఎందుకు కొలవడం? ఏ బిడ్డని ఆ బిడ్డతోనే పోల్చడానికి.

మా గ్రౌండ్లో ఎలా కొలుస్తామో చెబుతాను, ఎవరైనా చెయ్యొచ్చు. సుద్దతో ఒక గీత, దానికి అడ్డంగా నేల మీద పరిచిన టేపు. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాక, గీత వెనక ఒంటికాలి మీద నిలబడాలి, చేతులు నడుం మీద. ముందుకి గెంతి అదే కాలి మీద దిగి, తూలకుండా రెండు సెకన్లు నిలబడాలి. తూలినా, రెండో కాలు ఆనినా అది లెక్కలోకి రాదు. మడమ ఎక్కడ పడిందో అక్కడికి కొలుస్తాం. అలవాటు కోసం ముందు ఒకటి రెండు గెంతులు, ఆ తర్వాత కాలికి మూడేసి. అందులో మంచిది తీసుకుని, తక్కువ వచ్చిన కాలి దూరాన్ని ఎక్కువ వచ్చిన కాలి దూరంతో భాగించి 100తో హెచ్చిస్తే శాతం వస్తుంది. మూడు గెంతులూ రాయడం ముఖ్యం, ఎందుకంటే ఒకే కాలి మీద మూడుసార్లకీ మధ్యే పది సెంటీమీటర్లు తేడా వస్తుంటే, రెండు కాళ్ల మధ్య వచ్చిన పది సెంటీమీటర్లని పట్టించుకోనక్కర్లేదు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, పేరు చెప్పను. అనకాపల్లి వైపు పిల్ల, మంచి రైడర్, కోర్టులో చూస్తే ఏ లోపమూ కనపడదు. కుడి కాలి మీద 150 సెంటీమీటర్లు గెంతింది, ఎడమ కాలి మీద 124. అంటే 83 శాతం. అంతకంటే నన్ను కంగారు పెట్టింది ఆ పిల్ల దిగిన తీరు. కుడి కాలి మీద దిగినప్పుడు మోకాలు కొంచెం వంగి, నిబ్బరంగా పాదం మీదుగా నిలబడింది. ఎడమ కాలి మీద దిగేసరికి మోకాలు లోపలికి వాలిపోయింది, తుంటి ఒక పక్కకి దిగిపోయింది, కాలు కర్రలా బిగుసుకుపోయి టప్పుమని చప్పుడైంది. ఏమైందమ్మా అంటే, "ఏటీ లేదు సార్, ఇంటర్‌లో ఉన్నప్పుడు చీలమండ బెణికింది, కట్టు కట్టించీసినారు, తగ్గిపోనాది" అంది. నొప్పి తగ్గింది, నిజమే. ఆ కాలిని నమ్మడం మాత్రం ఆ పిల్ల ఒళ్లు మానేసింది, అప్పట్నుంచీ బరువంతా కుడి కాలికే అప్పజెబుతోంది. మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు, ఏసీఎల్ అంటాం, చాలాసార్లు ఎవరూ తాకకుండానే సరిగ్గా ఇలా దిగేటప్పుడో, ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో తెగుతుంది. బాస్కెట్‌బాల్, మనం ఆడే ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. సుద్ద గీతా టేపూ లేకపోతే నాకు ఆ కాలి సంగతి తెలిసేదే కాదు.

ఆ తర్వాత చేయించింది కూడా పెద్ద విద్యేం కాదు. మన గుంజీలు, బస్కీలు మంచివే గానీ అవి రెండు కాళ్లతో చేసేవి, బలమైన కాలు బలహీనమైన దాన్ని దాచేస్తుంది. అందుకని వెనక కాలు బెంచీ మీద పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్, మెట్టు ఎక్కి దిగడం, చిన్న ఎత్తు నుంచి ఒంటికాలి మీద మెత్తగా దిగడం ఇచ్చాం. ముందు బలహీనమైన కాలితో చెయ్యాలి, అది ఎన్ని చేస్తే రెండోది అన్నే. మోకాళ్ల మీద నిలబడి, వెనక నుంచి ఒకరు చీలమండలు పట్టుకుంటే మెల్లగా ముందుకి వాలే నార్డిక్ ఎక్సర్‌సైజు జట్టంతటికీ పెట్టాం, తొడ వెనక కండరాల గాయాలు దీనివల్ల దాదాపు సగానికి తగ్గుతాయని చాలా అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు 90 దాటింది, ఆడుతోంది. ఎడమ కాలి మీద దిగడం ఇంకా చూస్తూనే ఉన్నాం.

గాయమయ్యాక సంగతి ఇంకా ముఖ్యం. ఏసీఎల్ ఆపరేషన్ అయిన పిల్లల్ని ఆటకి పంపేముందు గాయమైన కాలు రెండో కాలితో పోలిస్తే 90 శాతం గెంతుతోందా అని చూడటం ప్రపంచమంతా ఉన్న పద్ధతే. ఇందులో ఒక చిక్కుంది. మంచాన పడి, కర్రల మీద నడిచి, నెలలు గడిచేసరికి బాగున్న కాలు కూడా నీరసిస్తుంది. నీరసించిన కాలితో పోల్చి 90 వచ్చిందంటే అది నిజమైన 90 కాదు. దూరం సమానంగా వచ్చినా కొందరు మోకాలికి పని చెప్పకుండా తుంటితో, చీలమండతో లాక్కొచ్చేస్తారు. ఆపరేషన్ అయిన 9 నెలల లోపు ఆటకి దిగినవాళ్లకి మళ్లీ గాయమయ్యే ప్రమాదం బాగా ఎక్కువ. 25 ఏళ్ల లోపు వాళ్లు పోటీ ఆటల్లోకి తిరిగి వెళితే నలుగురైదుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండో మోకాలో మళ్లీ తెగుతోంది. గాయానికి ముందు ఆ బిడ్డ ఎడమ కాలెంత, కుడి కాలెంత అన్న కాగితం ఉంటే డాక్టరుగారికి గానీ ఫిజియోకి గానీ గట్టి ఆధారం దొరుకుతుంది. అది గాయమయ్యాక సంపాదించగలిగేది కాదు, ముందే రాసుకోవాలి. మన దగ్గర జరగనిది సరిగ్గా ఇదే.

విశాఖ కోచ్‌లకి ప్రత్యేకంగా ఒక మాట. మనకి బీచ్ ఉంది, ఇసుకలో పరిగెత్తిస్తే కాళ్లు గట్టిపడతాయని అందరం పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళతాం. ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పరిగెడితే సముద్రం కుడి పక్కన, అంటే కుడి పాదం ఎప్పుడూ కిందికి, ఎడమ పాదం మీదికి. వచ్చేటప్పుడు అదే ఇసుక మీద వెనక్కి వస్తే పర్వాలేదు, చాలామంది అలిసిపోయి బీచ్ రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చేస్తారు. రోజూ ఒకే వైపు వాలు మీద పరుగు మంచిది కాదు, వెళ్లినంత దూరమూ ఇసుక మీదే వెనక్కి రప్పించండి. గెంతులు మాత్రం ఇసుకలో కొలవకండి, మెత్తటి ఇసుకలో అంకె తగ్గుతుంది, ఒక చోటికీ ఇంకో చోటికీ పొంతన ఉండదు. ఎప్పుడు కొలిచినా అదే గ్రౌండు, అవే బూట్లు, వీలైతే అదే వేళ.

ఎత్తు కూడా కొలవాలనుకుంటే ఫోన్ చాలు. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. పాదాలు నేలని వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి, 120 ఫ్రేములుంటే గాల్లో అర సెకను ఉన్నట్టు. ఆ కాలాన్ని దాంతోనే హెచ్చించి, 9.81తో హెచ్చించి, 8తో భాగిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. అర సెకనుకి సుమారు 31 సెంటీమీటర్లు. దిగేటప్పుడు మోకాళ్లు పైకి ముడిస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది, పిల్లలు ఈ కిటుకు ఇట్టే కనిపెట్టేస్తారు, ఒప్పుకోకండి.

నాకున్న భయం ఒక్కటే, ఈ అంకెలు సెలెక్షన్లలోకి వెళ్లకూడదు. 14 శాతం తేడా ఉందని ఒక పిల్లని జట్టులోంచి తీసేశారనుకోండి, మరుసటి ఏడాది నుంచి ప్రతి బిడ్డా బలమైన కాలితో కావాలని తక్కువ గెంతి రెండూ సమానం చేసి చూపిస్తుంది, పాత గాయాలు దాచేస్తుంది, మనం కొలిచింది ఎందుకూ పనికిరాదు. ఆ కాగితం ఆ పిల్లదీ, కోచ్‌దీ, చూసే డాక్టరుదీ. ఇంకెవరికీ ఇవ్వక్కర్లేదు. పిల్లలకి ఆ మాట ముందే చెప్పి, దాని మీద నిలబడాలి.

2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో ఆ అమెరికన్ ఆటకే తమ్ముడైన ఫ్లాగ్ ఫుట్‌బాల్ రాబోతోంది, ఆ నిర్ణయం జరిగింది 2023లో మన ముంబైలోనే. కొత్త ఆటలు వస్తున్నాయి, 2025 ప్రో కబడ్డీ సీజన్ మన విశాఖలోనే మొదలైంది, ఊళ్లో ఆడాలనుకునే పిల్లలు పెరుగుతున్నారు. అందుకే ఆంధ్రా యూనివర్సిటీ క్రీడా విభాగాన్నీ, రాష్ట్ర క్రీడల సంస్థ శాప్‌నీ, కాలేజీల ప్రిన్సిపాళ్లనీ అడుగుతున్నాను. అంతర్ కళాశాలల పోటీలకి ఎంట్రీ పంపే ముందు ప్రతి కాలేజీలోనూ ఈ కొలతలు తీసి ఉండాలని పెట్టండి. అంకెలు మీకు పంపక్కర్లేదు, కొలిచామని ఫిజికల్ డైరెక్టర్ సంతకం చాలు. ఫోర్స్ ప్లేట్లు ప్రతి కాలేజీకీ అడగడం లేదు, ఊరికంతటికీ ఒక్క జత ఏదైనా స్టేడియంలో పెట్టి, ఆపరేషన్ అయి ఆటకి తిరిగొచ్చే పిల్లలకి ఉచితంగా చూసే ఏర్పాటు చెయ్యండి.

మా కాలేజీలో వాడే కాగితం ఒక్క పేజీయే. పేరు, వయసు, బరువు, ఆట, ఏ స్థానంలో ఆడతారు, ఏ కాలితో తన్నుతారు, పాత గాయాలు ఏ కాలికి, ఎప్పుడు, కట్టు కట్టించుకున్నవి కూడా. ఆ కింద కుడి కాలి గెంతులు మూడు, ఎడమ కాలివి మూడు, దిగినప్పుడు మోకాలు ఎటు వాలింది, కొలిచిన తేదీ. సీజన్ ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, గాయమై తిరిగొస్తే మళ్లీ. మీ క్రీడల పేజీలో చోటుంటే ఆ నమూనా వెయ్యండి, పంపిస్తాను. జిల్లాల్లో ఉన్న పీఈటీ సార్లు, మేడమ్‌లు దాన్ని కత్తిరించుకుని జిరాక్స్ తీయించుకుంటారు.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం